నాలుగో వేలు

పదహారు గళ్ళు. పేజీలో సగం కూడా లేదు.
పైన పేరేం లేదు, ఒక అంకె: ఏడు.
ఇది పాట కాదు, అన్నారు కరుణామణి టీచరు,
వేళ్ళకి కసరత్తు.
చంటిపిల్లలు వారంలో దాటేస్తారట.
నాకు నలభై తొమ్మిది.
మూడు నెలలై ఇవతలి గట్టునే ఉన్నాను.

పగలంతా పంటు మీద టిక్కెట్లు చింపుతాను,
సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం రేవుకి,
మళ్ళీ ఇటు నుంచి అటు.
ఇన్నేళ్ళ కొలువూ
బొటనవేలూ చూపుడువేలే చేశాయి.
నడిమివేలు అప్పుడప్పుడూ సాయం పట్టింది.
చిటికెనవేలు చెవిలో తిప్పుకోడానికి.
ఇక ఆ నాలుగోది,
ఉంగరమెరగని ఉంగరం వేలు,
పండక్కొచ్చిన అల్లుడిలా
ఊరికే కూర్చుంది.

ఇప్పుడు దాన్ని లెమ్మంటే
పక్కవాడి భుజం పట్టుకుని గానీ లేవదు.
"బలంతో కాదు నాయనా, బరువుతో" అంటారు టీచరు.
ఆ తేడా నాకు తెలీకపోలేదు.
నిండు పంటు ఒడ్డుకి ఆనేటప్పుడు
గడకర్ర పెట్టి తోసేవాడు కొత్తవాడు,
ఏటికి వదిలేసేవాడు సరంగు.
నాకు తెలుసు. వేలికి తెలీదు.

చేతి వెనకాల రూపాయి బిళ్ళ పెడతారు.
అది పడకుండా అయిదు మెట్లూ ఎక్కి దిగాలి.
ఠంగుమని పడుతుంది.
వంగి తీసి, అలవాటు చొప్పున
"మీ చిల్లరండీ" అని ఆవిడ చేతిలో పెడతాను.
ఆవిడ నవ్వరు. మళ్ళీ పెడతారు.
చేతిలోంచి పోయే రూపాయిలు లక్ష చూశాను,
చేతి మీద నిలవాల్సింది ఇదే మొదలు.

ఎందుకయ్యా నీకిది, అంది మా ఆవిడ,
రొయ్యల షెడ్డు నుంచొచ్చి
ఐసుకి కొంకర్లు పోయిన వేళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని.
ఆ వేళ్ళ ముందు ఏం చెప్పను?

ఆ పియానో ఏరు దాటింది మా పంటు మీదే.
పోయిన వేసంగి. రాజోలు నుంచి టీచరమ్మ సామాను.
నాలుగు మోకులు, ఎనిమిదిమంది మనుషులు,
పక్కన కొబ్బరికాయల ట్రాక్టరు, రెండు గేదెలు.
నడి ఏట్లో, ఎవరూ చూడకుండా
మూతెత్తి ఒక్క మెట్టు నొక్కాను.
ఒక గేదె చెవులు తిప్పింది.
ఎవరో నా టిక్కెట్టు చింపినట్టయింది.

ఇప్పుడు శ్రావణం. గాలంతా నీళ్ళే.
పియానో కడుపులో నలభై వాట్ల బల్బు వెలుగుతుంది,
కోడిపిల్లల గంపలో పెట్టినట్టు.
అయినా నాలుగో మెట్టు చెమ్మకి ఉబ్బి
దిగిందంటే పైకి రాదు.
నాలుగో వేలు, నాలుగో మెట్టు:
ఇద్దరు బద్ధకస్తులు, ఒకటే మంచం.

జనం పలచనైన ట్రిప్పుల్లో కమ్మీ మీద వాయిస్తాను.
డీజిలింజను లెక్కపెడుతుంది,
ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ.
ఎవరో పెద్దాయన, రిటైరైన గుమాస్తా కాబోలు,
కాసేపు నా వేళ్ళ వంకే చూసి
"టైపు లోయరా, హయ్యరా?" అన్నాడు.
"లోయరేనండి" అన్నాను.

నిన్న సాయంత్రం ఏరు పాటు మీదుంది.
బురద వాసన కిటికీ దాకా వచ్చింది.
పన్నెండు గళ్ళ దాకా రూపాయి కదల్లేదు.
పదమూడో గడిలో జారింది.
నేను ఆగలేదు.
అది గచ్చు మీద గిరగిరా తిరుగుతుండగానే
మిగిలిన నాలుగు గళ్ళూ అయిపోయాయి.
ఆఖరి మెట్టు మీద బొటనవేలుంది.
చూస్తే, నాలుగోది
బియ్యపుగింజంత ఎత్తున
ఎవర్నీ పట్టుకోకుండా లేచి ఉంది.

టీచరు కూడా చూశారనుకుంటాను.
పేజీ మాత్రం తిప్పలేదు.
"మళ్ళీ" అన్నారు.
రూపాయి పియానో కిందికి దొర్లిపోయింది.
టిక్కెట్ల సంచీలోంచి ఇంకోటి తీసి
ఈసారి నేనే పెట్టుకున్నాను.